సెల్లు ఒప్పుకోలేదు

కొత్తగా వ్యవసాయ శాఖ ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలకు నా దగ్గర చనువెక్కువ. ఆదోనిలో మా ఇంటి ముందు బండి ఆపి, హెల్మెట్టు కూడా తీయకుండా, "సార్, మీ కాలంలో ఈ సెన్సార్లు, డ్రోన్లు లేవు కదా, ఎట్లా నెట్టుకొచ్చేవాళ్లు?" అని అడుగుతారు. మీ కాలం అంటే గుర్రాల మీద తిరిగిన కాలం అనుకుంటారు కాబోలు. నేను దిగిపోయి ఎన్నాళ్లయిందని! నా చివరి పోస్టింగులో ఇవన్నీ చూసే దిగాను. నేలకు దాహమేస్తోందో లేదో చెప్పే పుల్లలు, మనిషి తాకకుండా తెరుచుకునే వాల్వులు, ఆకు ఫొటో తీసి పెడితే తెగులు పేరు చెప్పే సెల్లు, అన్నీ చూశాను. అన్నీ బాగానే పనిచేశాయి. నేను చెప్పబోయేది అవి బాగా పనిచేసిన ఊరి సంగతే. అయినా అది గుర్తొస్తే ఈ రోజుకీ నాకు ముద్ద దిగదు.

ఆ పోస్టింగు నందవరం పక్కన. పొద్దున్నే ఆదోనిలో బస్సెక్కి, ఎమ్మిగనూరులో దిగి, బస్టాండు బయట ఉగ్గాని, బజ్జీ తిని, ఆ తర్వాత ఏ ఆటో దొరికితే అది పట్టుకుని పోయేవాణ్ణి. "నీది సేద్యం ఉద్యోగం గాదు, బజ్జీల ఉద్యోగం" అని మా ఆవిడ ఎత్తిపొడిచేది. రిటైర్మెంటు దగ్గరపడిన మనిషిని ఆఫీసులో ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఒక మూల కూర్చోబెట్టి సంతకాలు పెట్టించుకుంటారు. నా గతీ అంతే అనుకుంటుండగా పై ఆఫీసరు పిలిచాడు. ఒక ఊళ్లో బోర్లకు కొత్త నీటి పద్ధతి అమర్చుతున్నారనీ, రైతులతో మాట్లాడటానికి పాతకాపు ఒకడు కావాలనీ, నన్ను పొమ్మనీ చెప్పాడు. పాతకాపు అన్నందుకు పొంగిపోయాను. ముసలితనంలో పొగడ్తకు పడనివాడెవడు?

పద్ధతి ఇదీ. చేనులో అక్కడక్కడా పుల్లల్లాంటివి పాతుతారు. అవి నేలలో తేమ చూస్తాయి. బోరులోకి ఒక సన్నటి తీగ దించుతారు. నీళ్లు ఎంత లోతున ఉన్నాయో అది చూస్తుంది. స్టార్టరు పక్కన సిమ్ము ఉన్న పెట్టె ఒకటి బిగిస్తారు. తేమ తగ్గితే పెట్టె తనంతట తానే మోటారు వేస్తుంది, సరిపోగానే ఆపేస్తుంది. మోటారుకు ఏ జబ్బు చేసినా ఆ కబురు వెంటనే కంపెనీకి పోతుంది. రైతుకు చేయాల్సిన పనేమీ లేదు, సెల్లు చూసుకోవడం తప్ప. వేళాపాళా లేని కరెంటు కోసం చేనుగట్టున పడిగాపులు కాసి, చీకట్లో తేళ్లు కుట్టించుకున్న మా రైతులకు ఇది చిన్న సంగతి కాదు.

కంపెనీ తరఫున వచ్చినది ఒక అమ్మాయి. ఇంజనీరు. గోదావరి వైపు పిల్ల. మొదటి రోజు ఊళ్లో ఎవరో "యాడ నుంచొచ్చినావమ్మా?" అని అడిగితే బిక్కమొహం వేసింది. నెల తిరిగేసరికి "ఈడ కూచో సారూ" అని నన్నే ఆటపట్టించేంత నేర్చుకుంది. ఊరివాళ్లు ఆమెను సెల్లుమేడం అనేవారు. ఎండకు జంకదు, బురదకు జంకదు. పెట్టె చెడిపోయిందని కబురొస్తే మర్నాటికల్లా స్క్రూడ్రైవరుతో చేనులో ఉండేది. అబద్ధం మాత్రం ఆ పిల్ల నోట రాదు. ఇప్పుడు తలుచుకుంటే, అబద్ధం ఆమెకు అర్థం కూడా కాదు.

ఊళ్లో మొదట ఒప్పుకున్నది ఒక భాయి. యాభై దాటిన మనిషి. తాతల నాటి చేను, అందులో ఒక బోరు, డ్రిప్పు కింద మిరప. భాయి ఒప్పుకున్నాడంటే ఇక మిగతావాళ్లను అడగనక్కర్లేదు, ఆయన మాటకు ఊళ్లో అంత విలువ. పొద్దున నమాజు చేసుకుని, దుప్పటి కప్పుకుని, అరుగు మీద కూర్చుని సెల్లు తెరిచేవాడు. చదువు రాదు. తెర మీద నీలం గీత బోరులో నీళ్లనీ, పచ్చచుక్క పడితే చేనుకు దాహం తీరినట్లనీ మేడం నేర్పింది. "బేటీ, నా సేను నాకంటే నీకే ఎక్కువ సెప్తాంది" అని నవ్వేవాడు.

భాయి చేనుకు పక్కన, గట్టుకు అవతల, ఒకామెకు శనగ చేనుంది. నల్లరేగడి. బోరు లేదు. మొగుడు పోయి కొన్నేళ్లయింది. ఆ మొగుడూ భాయీ చిన్నప్పటి నుంచి జతగాళ్లు. భాయి బోరు వేయించినప్పుడు పైపులు మోసినవాడు అతనే. నీళ్లు పడినరోజు భాయి, "ఈ నీళ్లల్లో నీ సేనికీ వంతుంటాదప్పా" అన్నాడట. గట్టు దాటించి ఒక గొట్టం వేశారు. మనిషి పోయినా గొట్టం అట్లాగే ఉంది, మాట కూడా అట్లాగే ఉంది. ఆమె భాయిని అన్నా అంటుంది, ఆయన ఆమెను సెల్లీ అంటాడు. ఏటా శనగ పూతకొచ్చే వేళకు ఒకటో రెండో తడులు భాయి బోరు నుంచే పారేవి.

ఆమెకు ఒక కూతురు, తొమ్మిదో తరగతి. మా పడమటి ఊళ్ల సంగతి తెలియనివాళ్లకు ఒక ముక్క చెప్పాలి. చలికాలం సగమయ్యేసరికి ఇక్కడి ఊళ్లు సగం ఖాళీ అవుతాయి. గుంటూరు వైపు మిరపకాయ కోతలకు పోతారు. సుగ్గికి పోవడం అంటారు. పిల్లామేకా, చట్టీకుండా, అన్నీ లారీ ఎక్కుతాయి. పిల్లలు కూడా పోతారు, పోయినవాళ్లలో బడికి తిరిగొచ్చేది కొందరే. హాస్టల్లో ఉంచమని పంతుళ్లు చెబుతారు. "ఆడబిడ్డను ఈడ ఇడిసిపెట్టి, ఆడ నాకు కూడు దిగుతాదా సారూ?" అంటుంది ఈమె. ఆ ఏడు మాత్రం ఆమె గట్టిగా అనుకుంది. సుగ్గికి పోయేది లేదు, శనగ చేతికొస్తే దాంతోనే వేసవి గడిపేస్తా, బిడ్డను పదికి పంపుతా అని. నాతోనే అంది. ఆమె ధైర్యమంతా ఆ శనగ చేను, ఆ గట్టు మీది గొట్టం.

పెట్టెలు బిగించిన మొదటి ఏడాది మాకు పండగే. మోటార్లు కాలడం తగ్గింది. ఎక్కడైనా మోటారుకు చిన్న నలత చేసినా మేడం వాలిపోయేది. పేపర్లో ఫొటో కూడా వచ్చింది, అందులో నా భుజం కనపడింది. చూస్తుండగానే ఊళ్లో ఒక కొత్త మాట పుట్టింది. పక్కచేనువాడు ఒక తడి అడిగితే, ఇవ్వడం ఇష్టంలేనివాడు "నాదేముందప్పా, సెల్లు ఒప్పుకోలేదు" అనడం మొదలుపెట్టాడు. నీళ్లతో మొదలై ఆ మాట ఊరంతా పాకింది. గుంటక అరువడిగితే సెల్లు ఒప్పుకోలేదు. అత్తగారింటికి ఎందుకు పోలేదంటే సెల్లు ఒప్పుకోలేదు. నేనూ మేడమూ విని కడుపుబ్బ నవ్వుకున్నాం. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, పిసినారితనానికి పెట్టె అడ్డం దొరికిందిరా వీళ్లకు అని నేను జోకులేశాను.

ఆ చలికాలం వెనకవానలు మొహం చాటేశాయి. మంచు కూడా పడలేదు. రేగడి నెర్రెలిచ్చింది. శనగ పూత మీద వాడిపోతోంది. ఆమె భాయిని తడి అడిగింది. ఆయన, ఎప్పుడూ అడక్కముందే ఇచ్చే ఆయన, "సెల్లు ఒప్పుకోలేదు సెల్లీ" అన్నాడు. కొన్నాళ్లు ఆగి మళ్లీ అడిగింది, మళ్లీ అదే మాట. ఆమె దాన్ని నమ్మింది. అందరూ నవ్వుకునే మాటను ఆమె ఒక్కతే నమ్మింది, ఎందుకంటే చెప్పింది అన్న కాబట్టి. ఈ సంగతి నాకు అప్పట్లో తెలియదు. తెలిసుంటే ఏం చేసేవాణ్ణో కూడా చెప్పలేను.

అప్పుడే క్షేత్ర దినోత్సవం వచ్చింది. భాయి చేనులోనే పెట్టాం. షామియానా, కుర్చీలు, పెద్ద ఆఫీసర్లు. సి.బెళగల్ నుంచి, చిప్పగిరి నుంచి రైతుల్ని జీపుల్లో తెచ్చాం. భాయి తెల్లటి జుబ్బా వేసుకుని, సెల్లు చేతిలో పట్టుకుని పెళ్లికొడుకులా కూర్చున్నాడు. నేను ఉపన్యాసం దంచాను. ప్రశ్నలుంటే అడగండి అన్నాను. ఎవరూ అడగరని తెలిసే అంటాం ఆ మాట. వెనక వరసలో ఆమె లేచి నిలబడింది, కొంగు బిగించుకుంటూ.

"సారూ, నాదొక మాట. మా అన్న నాకు తడి ఇస్తానంటాడు, ఈ సెల్లు ఒప్పుకోదంట. నా శెనగ ఎండిపోతాంది. మీరు సదువుకున్నోళ్లు గదా, దానికి మీరన్నా కొంచెం సెప్పండి సారూ."

జనం గొల్లున నవ్వారు. ఆమె నవ్వలేదు. ఫిర్యాదు కాదది, పెట్టెకు అర్జీ పెట్టుకుంటోంది. నేను భాయి వైపు చూశాను. ఆయన నేల చూస్తున్నాడు. నాకు ఏదో తేడా కొట్టింది. నేను నోరు తెరిచేలోపలే మేడం ముందుకొచ్చింది. మొహం వెలిగిపోతోంది ఆ పిల్లకు. సాయం చేసే అవకాశం దొరికింది మరి.

"లేదమ్మా, ఒప్పుకోకపోవడం ఏమీ ఉండదు. మీకెవరో తప్పు చెప్పారు. మనం చేత్తో వేసుకునే మీట కూడా ఇచ్చామండి. ఇదిగో, ఇది నొక్కితే మోటారు పడుతుంది, గట్టు మీది వాల్వు తెరుచుకుంటుంది, నీళ్లు ఏ చేనుకైనా పోతాయి" అని భాయి చేతిలోని సెల్లు తీసుకుని, అందరికీ చూపించి, నొక్కింది.

మోటారు గుర్రుమంది. గట్టు మీద గొట్టంలోంచి నీళ్లు దబదబా ఆమె చేనులోకి పడ్డాయి. ఆఫీసర్లు చప్పట్లు కొట్టారు, జనం కొట్టారు, నా చేతులు కూడా కలిశాయి. భాయి మాత్రం కదల్లేదు. అంతమంది ముందు ఆయన అబద్ధాలకోరు అయ్యాడు. అదీ చెల్లెలు అని పిలిచిన మనిషికి నీళ్లు ఎగ్గొట్టిన అబద్ధాలకోరు.

ఆమె ఒక్క క్షణం ఆ నీళ్లను చూసింది. తర్వాత గట్టు మీదికి నడిచిపోయి, వంగి, గొట్టానికున్న వాల్వు తన చేత్తోనే తిప్పి కట్టేసింది. చప్పట్లు ఆగిపోయాయి. తిరిగొచ్చి భాయి ముందు నిలబడింది.

"ఇయ్యనని నాతోనే ఒక మాట అనింటే పోయేది గదన్నా. ఏంటికి సెల్లు మీద ఏసినావు? అన్న ఇస్తే తీసుకుంటాను. సెల్లు ఇచ్చేది నాకొద్దు."

అంతే. వెళ్లిపోయింది.  మేము భోజనాల దగ్గర నిలబడి, వచ్చినవాళ్లకు పప్పు సరిపోతుందా లేదా అని చూసుకున్నాం.

తిరిగొచ్చేటప్పుడు ఎమ్మిగనూరు బస్టాండు దగ్గర టీ తాగడానికి ఆగాం. మేడం ఉషారుగా ఉంది, నాకే మనసు బాగాలేదు. "ఆయన అట్లా చేసే మనిషి కాదమ్మా" అన్నాను. ఆమె కంపెనీ తెర తెరిచి భాయి బోరు చూసింది. రోజూ చూసేవి తేమా మోటారూ. నీటి మట్టం ఎవరూ అడగలేదు కాబట్టి ఆమె అన్నాళ్లూ ఆ పేజీ తెరవలేదు. నీలం గీత మెట్లు దిగినట్టు దిగుతూ వచ్చి, పంపుకు కాస్త పైన వణుకుతోంది. ఆమె గ్లాసు కింద పెట్టేసింది.

"సార్, ఆయనకే నీళ్లు లేవు సార్. ఉన్నవి ఆయన మిరపకే చాలవు. అసలు ఈయనెందుకు చెప్పలేదండీ? మా వైపు కాలవకు నీళ్లు రాకపోతే రాలేదనే అంటాం కదా!"

 ఇంట్లో బియ్యం అయిపోతే అయిపోయాయని అనం, నిండుకున్నాయంటాం. దీపం ఆరిందనం, కొండెక్కిందంటాం. బోరున్న ఊళ్లలో ఆ పట్టింపు ఇంకా గట్టిది, బోరులో నీళ్లు తగ్గాయని ఎవరూ నోటితో అనరు. అంటే గంగమ్మ అలిగి ఉన్నవి కూడా తీసుకుపోతుందని భయం. హిందువైనా, ముసల్మానైనా ఆ మాట మాత్రం రానివ్వరు. ఇది నాకు తెలుసు. తెలిసిందల్లా సమయానికి గుర్తొస్తే ఇక కావలసిందేముంది?

మర్నాడు పొద్దున్నే ఇద్దరం ఊరికి పోయాం. శనగ చేను ఆమె ఇంటికి తాళం. తెల్లారగట్ల సుగ్గి లారీ వచ్చిందనీ, తల్లీకూతురూ ఎక్కిపోయారనీ పక్కింటివాళ్లు చెప్పారు. పుస్తకాల సంచి కూడా వేసుకుందట ఆ పిల్ల, ఆడ చదువుకుంటానని.

భాయి ఇంట్లో ఆయన బయటికి రాలేదు. ఆయన భార్య వచ్చి గుమ్మంలో నిలబడింది. కోపం లేదు ఆమె గొంతులో, అలసట ఉంది.

"ఎనకటికి ఇట్లాంటప్పుడు మోటారు సెడిపోయింది అంటాండిరి సారూ. అడిగినోళ్లు అర్థం సేసుకొని, ఓ అట్లనా అని పోయేవాళ్లు. ఇంకో బోరు సూసుకునేవాళ్లు. ఎవురి మర్యాద వాళ్లకుండె. ఇప్పుడు మోటారు సెడిపోయిందంటే రేప్పొద్దున మేడం వచ్చి నిలబడతాది బాగుసేసేదానికి. ఆ మాట కూడా లేకుండా సేస్తిరి. ఇంగ ఏం సెప్పల్ల ఆయప్ప?"

మేడం కళ్లనిండా నీళ్లు తిరిగాయి. "నాకు తెలియదమ్మా" అంది. "నీకెట్ల తెలుస్తాది బిడ్డా, నువ్వు నిజమే సెప్తివి" అని ఆ ఇల్లాలు మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

అక్కణ్ణుంచి చేనుగట్టు మీదికి పోయి, లారీలో పోతున్న శనగ చేను ఆమెకు ఫోను చేశాను. లారీ చప్పుడులో సగం మాటలు వినపడలేదు. బోరులో నీళ్లు తగ్గిన సంగతి, భాయి మొహమాటం, అంతా చెప్పాను. తిరిగి రమ్మన్నాను. 

"అట్లనా" అంది. "అయితే మా అన్న మంచోడే. అదొకటి మేలు. కానీ సారూ, ఆ మాట నువ్వు సెప్పేది గాదు. మేస్త్రీకి మాటిచ్చి లారీ ఎక్కినాను, ఇప్పుడు దిగితే రేపు ఎవురూ పిలవరు. ఇంగ ఆ శెనగ ఎట్లాగూ ఎండిపోయేదే."

దాని తర్వాత ఎన్ని రోజులకో మేడం ఫోను చేసింది. గొంతు కంగారుగా ఉంది. ఊళ్లోంచి ఆమెకు కబురొచ్చిందట, భాయి పెట్టెను పక్కకు తప్పించి, పాత పద్ధతిలో స్టార్టరుకు నేరుగా తీగలు కలిపేశాడని. మిరపకు వాల్వులన్నీ కట్టేశాడు. నీళ్లన్నీ గట్టు అవతలికే, శనగ చేనులోకే పారుతున్నాయి. "నీటి గీత దిగిపోతోంది సార్. ఇట్లాగే నడిస్తే బోరు దెబ్బతింటుంది. ఊళ్లోవాళ్లకు చెప్పి కరెంటు తీయించమంటారా? మీరు ఊ అంటే నేను లైన్‌మన్‌తో మాట్లాడతాను."

ముందు భాయితో మాట్లాడతానన్నాను. ఆయన వెంటనే ఎత్తాడు. వెనక మోటారు చప్పుడు.

"భాయీ, ఆ చేను యజమాని ఊళ్లో లేదు. ఎవరికోసం పారిస్తున్నావు? నీ మిరప పోతుంది, బోరూ పోతుంది. ఆపు."

"తెలుసు సారూ. ఆమె లేదనే పారిస్తాండాను. ఉంటే వద్దంటాది." ఊపిరి తీసుకున్నాడు. "లేదు అని నోటితో అనలేక సెల్లుతో అనిపించినాను. పోయిన మా జతగానికి మాటిచ్చిన నోరు ఇది. ఇప్పుడు ఈ నీళ్లతో నోరు కడుక్కుంటాండాను. మేడంకు సెప్పు, ఆపొద్దని."

పిల్లలారా, శిక్షణలో మనకు చెప్పింది నీటిని కాపాడమని. చదువు, ఉద్యోగం, పద్ధతి, అన్నీ ఆపించమనే చెబుతున్నాయి. నేను మేడంకు ఫోను చేసి, "ఏమీ చేయొద్దమ్మా, వదిలెయ్" అన్నాను. అది సరైన పనో కాదో ఇప్పటికీ తేల్చుకోలేదు. ఆ అమ్మాయి ఎందుకని అడగలేదు. నగరంలో తన ఆఫీసు తెర ముందు కూర్చుని, గీత అడుగంటేదాకా చూస్తూనే ఉందని తర్వాత చెప్పింది.

శనగ చేను సగం తడిసింది. అంతలోనే బోరు గాలి కక్కి ఆగిపోయింది. మళ్లీ పలకలేదు. భాయి మిరప ఎండి కట్టెలైంది. తడిసిన సగంలో శనగ బాగానే కాసింది. భాయీ, భార్యా పీకి, నూర్చి, మూటలు కట్టి ఆమె గడప ముందు పేర్చారు. ఎండలు ముదిరి, బడి పరీక్షలు కూడా అయిపోయాక ఆమె కూతురితో సుగ్గి నుంచి తిరిగొచ్చింది. మూటలు చూసి నేరుగా భాయి ఇంటికి పోయిందట. ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో నేను అడగలేదు, అడిగినా చెప్పేవాళ్లు కారు. అందులో ఒక మూట భాయి ఇంట్లోనే దించి వచ్చిందని మాత్రం ఊళ్లో చెప్పుకున్నారు. మాటలు కలిశాయి. దానికి సంతోషమే.

మా పథకం నివేదికలో ఆ బోరు ఎదుట, నిబంధనలకు విరుద్ధంగా వాడినందువల్ల విఫలం అని రాశారు. నేనేం మారుస్తాను? మిగతా బోర్లన్నీ విజయమే. మేడం ఉద్యోగం మారలేదు, ఇంకా ఆ పనిలోనే ఉంది. బోరులో నీళ్లు తగ్గితే రైతు సెల్లులో మీటకు తాళం పడేటట్టు కొత్త పెట్టెల్లో చేయించిందట. "ఇప్పుడు సెల్లు నిజంగానే ఒప్పుకోదు సార్" అని ఫోనులో నవ్వింది. ఆ నవ్వు నాకు బాగా అనిపించలేదు, ఆమెకూ అనిపించి ఉండదు.

తప్పెవరిదని అప్పుడప్పుడు నాతో పనిచేసి రిటైరైనవాళ్లతో వాదిస్తుంటాను. మేడం నిజం చెప్పింది. భాయి పరువు కాపాడుకోబోయాడు. ఆమె నమ్మింది. పెట్టె తన పని తాను చేసింది. తప్పు ఎవరిమీదా వేయలేకపోవడమే నాకు ఎక్కువ బాధ, వేయగలిగితే ఈపాటికి తిట్టుకుని నిద్రపోయేవాణ్ణి. మీకు నేను చెప్పేది ఒక్కటే. పల్లెలో ఒక రైతు మీ ఎదుట తేలిపోయే అబద్ధం చెబితే, పదిమందిలో దాన్ని దిద్దబోకండి. ముందు ఆయన బోరు ఎట్లా ఉందో చూడండి. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు, కొన్ని ఊళ్లలో ఆ మంచితనం అబద్ధంలోనే ఉంటుంది.

రిటైరయ్యాక ఒకసారి కంటి ఆసుపత్రి పని మీద ఎమ్మిగనూరు పోయాను. బస్టాండులో సుగ్గి నుంచి దిగుతున్న గుంపు ఒకటి కనపడింది. గిన్నెలు, మూటలు, చేతులకు మిరపకాయల ఘాటు. అందులోంచి ఒక పిల్ల, చీర కట్టుకుని, నెత్తిన మూటతో నా దగ్గరకొచ్చింది. ముందు పోల్చుకోలేదు. ఆ శనగ చేను ఆమె కూతురు. చేతులు కాయలు కాచి ఎర్రగా ఉన్నాయి. మీ అమ్మ ఎట్లుందంటే బాగుందంది, భాయి మామ కూడా బాగున్నాడంది. చదువు సంగతి అడగకూడదని అనుకుంటూనే అడిగాను.

ఆ పిల్ల నవ్వేసింది. నా మీద కోపంతో కాదు, ఎవరిమీదా కోపం లేకుండా, జరిగిపోయిన వాన సంగతి చెప్పినట్టు చెప్పింది.

"ఇంకొక్క తడి పడింటే పది పాసయ్యుండేదాన్ని సారూ."

వాళ్ల ఊరి ఆటో వచ్చింది. మూట దించి లోపలికి తోసి, నాకు చేయి ఊపి ఎక్కింది.